ముందే చెక్కిన చెంచా

హూజుమ్, మంగళవారం

అక్కకు బీర్టె రాస్తున్నది. నేనూ, గురువారం పుట్టిన పాపా బాగున్నాం, కంగారుపడకు. పాప పేరు ఐకె అని నమోదు చేయించడానికి మా ఆయన హౌకె నిన్న ఆఫీసుకెళ్తే అక్కడి గుమాస్తా ఒప్పుకోలేదు. "ఐకె అంటే ఆడో మగో ఎలా తెలుస్తుందయ్యా? పక్కన ఆడపిల్ల పేరొకటి తగిలించుకు రా" అన్నాడట. ఆ గుమాస్తా మా అత్తగారితో కలిసి చర్చిలో పాడే మనిషే. హౌకె ఇంటికొచ్చి కోటైనా విప్పలేదు, బాప్తిస్మానికని వెండి చెంచా పట్టుకుని అత్తగారు దిగింది. చెంచా ఇవ్వడం మామూలే. కానీ దాని మీద ఐకె పక్కనే వాల్‌ట్రౌట్ అని తన పేరు చెక్కించింది! "కంసాలి రెండు వారాలు తిప్పాడమ్మా" అని తనే నోరు జారింది.

నీ చిన్నాడి దగ్గు తగ్గిందా? వాడి ఊయల ఎవరికీ ఇచ్చెయ్యకు, నాకు కావాలి.

పుట్టేదాకా పేరు బయటపెట్టకూడదు కదా. పుట్టేది ఆడపిల్లనీ, ఐకె అని పిలుచుకుంటామనీ నీ ఒక్కదానికే చెప్పాను. చెంచా పెట్టె మూత మీద మీ ఊరి కంసాలి పేరుంది. పిల్లలకు దీవెనలు, బావకు నమస్కారాలు. నీకేం రాయాలో నీ జవాబు చూశాక ఆలోచిస్తాను.