బాతులకుంట బాట మీద గోడ

విషయం: బాతులకుంట ఒడ్డున జనం నడిచే బాటకు అడ్డంగా గోడ కట్టినవారిని వదిలేసి, బాట వేసిన మాకు నోటీసు ఇచ్చుట గురించి.

చెరువుల పర్యవేక్షణ అధికారి గారికి, ఎల్బీనగర్.

బాట మీద గోడ కట్టింది ఒకరు. నోటీసు వచ్చింది మాకు. మీ కార్యాలయం చేసిన తప్పు ఇదే. ఇది ఎట్లా జరిగిందో మీకు తెలియదనుకునేంత అమాయకులం కాము. అయినా అర్జీ అంటే వివరాలు ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒడ్డుబాట సంఘంలో పని చేస్తాను. చెరువుల ఒడ్డున నడకదారులు వేయడం, వాటిని ఎవరూ మింగకుండా కాపాడడం మా సంఘం పని. తుమ్మ కొట్టడం, రాళ్లు పరచడం, నీళ్లలో గుర్రపుడెక్క లాగడం నా పని. సంఘం అధ్యక్షులు భానుమూర్తి గారు బాపట్ల వైపు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ లెక్చరర్. ఇంతకు ముందు మీకు వచ్చిన అర్జీలన్నీ ఆయన రాసినవి. ‘సవినయంగా మనవి’ అని మొదలయ్యేవి. అవి చదివినవారు మీ దగ్గర ఒక్కరూ లేరని తెలిసింది. అందుకే ఈసారి నేను రాస్తున్నాను.

1. బాతులకుంట అబ్దుల్లాపూర్‌మెట్ పోయే రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్నది. దాని ఒడ్డున ఉన్న బస్తీ ఆడవాళ్లు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో వంటకు, గిన్నెలు కడగడానికి పోతారు. ఒడ్డు వెంట నడిస్తే బస్‌స్టాపు దగ్గర. లేదంటే హైవే అంచున, లారీ గాలికి ఎగిరే కొంగు పట్టుకొని నడవాలి. అందుకే బాట వేశాం. అనుమతి కోసం తిరిగినప్పుడు నీళ్లు ఒక శాఖవని, నీళ్ల కింది మట్టి ఇంకో శాఖదని, ఒడ్డు మీది గడ్డి మరో శాఖదని చెప్పారు. అన్ని చోట్లా ముద్ర వేయించుకున్నాం. నడిచే మనిషి ఏ శాఖ కిందికి వస్తాడో మాత్రం ఎవరూ చెప్పలేదు.

2. మాకు సాయం చేసేవాళ్లు లేరని కాదు. కంపెనీలవాళ్లు ఆదివారం ఒకే రంగు టీషర్టులు వేసుకొని వస్తారు. మొక్క పట్టుకొని ఫోటో దిగుతారు. మొక్కను మా చేతిలో పెట్టి టిఫిన్‌కు పోతారు. పారలు కొనిపెట్టమంటే బడ్జెట్‌లో ఆ ఖానా లేదంటారు. ఒక కంపెనీవాళ్లు మాత్రం తమ ఆఫీసుకు వేయగా మిగిలిన రంగు డబ్బాలు ఇచ్చారు. తెలుపు, ఎరుపు.

3. దారి తెలియడానికి ఆ రంగులతో ఒడ్డు రాళ్లకు గుర్తులు పెట్టాం. రాయికి తెల్ల పట్టీ, దాని నడుమ ఎర్ర చుక్క. పుట్టినప్పటి నుంచి అట్లాంటి రాళ్లకు దండం పెట్టినవాళ్లమే మేమంతా. ఇవీ అట్లాగే కనిపిస్తాయని ఒక్కరికీ తట్టలేదు. ఆ తర్వాత వచ్చిన మంగళవారం తూము పక్కన ఉన్న పెద్ద రాయికి పసుపు, నిమ్మకాయలు. మొదటి నిమ్మకాయ పెట్టింది అండాలమ్మ. కట్ట మీద దొరికే ఆకుకూరలు కోసి అమ్ముకునే ముసలామె. అది దేవత కాదు, దారి గుర్తు అని చెప్పాను. “గుర్తయితే ఏంది బిడ్డా, దారి జూపెట్టేది అమ్మనే గదా” అన్నది.

4. అంతవరకు ఎవరికీ నష్టం జరగలేదు. మొక్కేవాళ్లు మొక్కారు, నడిచేవాళ్లు నడిచారు. అప్పుడు వచ్చారు జనార్ధన్ గారు. పాత ఊరి భూముల ఆసామి, కుంట పక్కనే ప్లాట్లు చేసి అమ్ముతున్నారు. ఇంటి కిటికీలోంచి చెరువు కనిపిస్తుందని ఆయన బ్రోచర్‌లో ఉన్నది. ఆ కిటికీలోంచి బస్తీవాళ్లు కూడా కనిపిస్తే ధర పడిపోతుంది. ఆయన రాయికి గద్దె కట్టించారు. గద్దెకు గ్రిల్లు పెట్టించారు. గ్రిల్లు నుంచి గోడ లేపారు. గుడి గోడ అయితే అమ్మవారి చుట్టూ తిరగాలి. ఇది అమ్మవారిని ఒక మూలకు వదిలి, బాటను కోసుకుంటూ, సరిగ్గా ఆయన ప్లాట్ల హద్దు వెంట పోయి నీళ్లలో దిగింది. అమ్మవారికి లేఅవుట్లు తెలుసని మాకు అప్పుడే తెలిసింది.

పోయి అడిగాను. ఆయన తన మనుషుల నడుమ కుర్చీలోంచి లేవకుండానే, “నన్నెందుకు అడుగుతున్నవ్? గోడ నాది గాదు, అమ్మది. పోయి అమ్మనడుగు” అన్నారు. మనుషులు నవ్వారు. వాళ్ల పని అదే.

5. మేం ఫిర్యాదు చేస్తే మీ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారు. చెప్పులు విడిచి, కొబ్బరికాయ కొట్టి, ప్రసాదం తిని, ఆ తర్వాత విచారణ మొదలుపెట్టారు. రాయికి రంగు ఎవరు వేశారని అడిగారు. నేనే వేశానన్నాను. “అయితే గుడి పెట్టింది నువ్వే గదమ్మా” అని రాసుకొని పోయారు. తర్వాత వచ్చిన నోటీసులో ఇట్లా ఉన్నది: ‘సదరు సంఘము చెరువు గర్భమందు అనధికారముగా దేవాలయము నెలకొల్పి రాకపోకలకు అంతరాయము కలిగించినందున, సదరు బాటను తక్షణము తొలగించవలెను.’

అయ్యా, మీ సంతకం ఉన్న వాక్యం అది, ఇంకోసారి చదవండి. తప్పు గుడిది. అడ్డం బాటకు. తీసేయాల్సింది బాట. గోడ ఊసే లేదు. గోడ సంగతేమిటని మీ కార్యాలయంలో అడిగితే ముందు ప్రజల మనోభావాలు అన్నారు. గట్టిగా అడిగితే, ఆ గోడ రికార్డులో లేదు కాబట్టి తొలగించడానికి వీలుపడదన్నారు. రికార్డులో లేని గోడకు తల కొట్టుకుంటే రక్తం రికార్డులోకి వస్తుందా అని అడిగాను. సెక్యూరిటీని పిలిచారు.

6. ఇప్పుడు బస్తీ ఆడవాళ్లు గోడ చివర నీళ్లలో దిగి, చీర పైకి పట్టుకొని, అటు వైపు ఎక్కి పనికి పోతున్నారు. పోయిన వారం అండాలమ్మ అక్కడే జారింది. గుర్రపుడెక్క కింద మనిషి కనిపించలేదు. కూర గంప ఒక్కటే తేలింది. వెనక వస్తున్న వంటామె కుసుమకుమారి ఆమె జుట్టు దొరకబట్టి లాగకపోతే, ఈ అర్జీ వేరే విధంగా ఉండేది. ఇంకా వానలు మొదలు కాలేదు. మొదలైతే అక్కడ నిలబడే లోతు ఉండదు.

దవాఖానలో అండాలమ్మకు ఊపిరి తిరిగాక అన్న మాట ఇది, మీ రికార్డు కోసం రాస్తున్నాను: “నిమ్మకాయ పెట్టింది నేను. గోడ పెట్టుమని అమ్మ నాతోని జెప్పలే.” పక్కనే నిలబడ్డ భానుమూర్తి గారు కళ్లద్దాలు తుడుచుకొని, “ఇంకొక్కసారి మర్యాదగా రాసి చూద్దామమ్మా” అన్నారు. మర్యాదగా రాయడం ఇంతవరకే నాకు చేతనవుతుంది.

కావున తమరు చిత్తగించినా, పక్కన పడేసినా, ఒక్క ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలెను. ఆ గోడ ఎవరిది? జనార్ధన్ గారు తనది కాదని పదిమంది ముందు చెప్పారు. మీ రికార్డులో అది లేదు. మేం కట్టలేదు. అమ్మవారిదే అయితే ఆమెకు ఇచ్చిన అనుమతి నకలు ఇప్పించండి.

అరుణ,
ఒడ్డుబాట సంఘం, దిల్‌సుఖ్‌నగర్.
(విధేయత భానుమూర్తి గారి పాత అర్జీల్లో సరిపడా ఉన్నది. అక్కడి నుంచి తీసుకోగలరు.)

తా.క.: యజమాని పేరు రాకపోతే, ఆ గోడ ఎవరిదీ కాదని మీరూ ఒప్పుకున్నట్టే. ఎవరిదీ కానిదాన్ని తీయడానికి ఎవరినీ అడగం. మంగళవారం పొద్దున బస్తీ మొత్తం కలిసి దాన్ని పడగొడుతుంది. గద్దెను, రాయిని ఎవరూ ముట్టుకోరు. పేరు చెప్పడానికి మీకు సోమవారం సాయంత్రం కార్యాలయం మూసేదాకా గడువు.