మా అత్తగారు మొక్కేసిన నా కాళ్ళు

జూన్ 3

మొక్కుకుంటే తన కాళ్ళు మొక్కుకోవాలి గానీ, మధ్యలో నా కాళ్ళేమిటి? పోయిన నవంబరులో అపెండిక్స్ పగిలి నేను ఆపరేషను బల్ల మీద మత్తులో ఉన్నాను. బయట వరండాలో మా అత్తగారు డోన్యా ఎదువిహెస్ (ఇక్కడ పెద్దావిడలందరూ డోన్యాలే) పునీత ఫ్రాన్సిస్‌తో బేరం కుదుర్చుకుంది. "అల్లుణ్ణి బతికించు స్వామీ. మన టుబాక్ ఊరి నుంచి టుమకాకొరి పాత చర్చిదాకా ఏటి పక్క దారిలో నడిచొస్తాడు. పునీత యోహాను పండుగలోగా." పండుగ జూన్ ఇరవై నాలుగున. నేను నడిచేదాకా తను కాఫీ ముట్టనంది.

అప్పట్నుంచీ పొద్దున్నే వంటింట్లో వేణ్ణీళ్ళ కప్పు పట్టుకుని నా ఎదురుగా కూర్చుంటుంది. నా కాఫీ వైపు చూస్తుంది. తర్వాత నా కాళ్ళ వైపు చూస్తుంది. చక్కెరతో కలిపి నల్లగా వేయించిన గింజల కాఫీ తప్ప ఎనభై ఏళ్ళ మనిషికి వేరే సరదా లేదు. నేను సగం కప్పు వదిలేసి లేస్తున్నాను.

ఇక తేల్చేస్తాను. నాలుగు మైళ్ళు. ఎత్తు లేదు, పల్లం లేదు. పక్కన శాంతాక్రూజ్ ఏరు, పైన చెట్ల నీడ. వెనకటికి ఈ దారిన జనం చంటిపిల్లలతో, పశువులతో ఎడారి దాటి సముద్రందాకా పోయారు. నేను చర్చిదాకా పోలేనా.

జూన్ 5

సన్నాహాలు. కొత్త బూట్లు, వెడల్పు టోపీ, నాలుగు సీసాల నీళ్ళు, ఎండు మాంసం, కట్టుగుడ్డలు, ఈల.

మా ఆవిడ రెఫుహియో మూట చూసింది. "ఏమయ్యా, తిరిగొచ్చే ఉద్దేశం ఉందా?"

"ఎడారి దారి. తేలిగ్గా తీసుకోకూడదు."

"ఈల దేనికి?"

"తప్పిపోతే ఊదడానికి."

"ఒక పక్క ఏరు, ఒక పక్క రోడ్డు. మధ్యలో తప్పిపోవాలంటే చాలా తెలివి కావాలి. నీకంత లేదులే."

బూట్లు కరుస్తున్నాయి. మెత్తబడాలని ఇంట్లో వేసుకు తిరుగుతున్నాను. ఇవాళ మంచం నుంచి ఫ్రిజ్‌దాకా చాలాసార్లు నడిచాను. మంచి సాధన.

జూన్ 8

తెల్లవారుజామునే టోపీ పెట్టుకున్నాను. ఫోను మోగింది. ఫాదరు గారింట్లో కూలరు ఆగిపోయిందట. ఈ ఊళ్ళో కూలర్లు బాగుచేసేది నేనే. మొక్కు తీర్చుకోబోతున్నానని చెప్పాను.

"తప్పకుండా వెళ్ళు నాయనా. దారిలో ఇది ఒకసారి చూసి వెళ్ళు."

మొక్కు కన్నా ముందు ఫాదరు చల్లబడాలి. అక్కణ్ణుంచి ఇంకో ఇల్లు, ఇంకో కూలరు. సాయంత్రం నేనొచ్చేసరికి అత్తగారు వేణ్ణీళ్ళు ఊదుకుంటోంది. అవి ఎప్పుడో చల్లారిపోయాయి. ఆ ఊదడం నాకోసం.

జూన్ 12

నడిచాను. ఏరు దాటడానికి పలకలు వేసిన మొదటి చోటుదాకా. పలకల మీద ఎవరిదో ఆవు నిలబడి ఉంది. అదిలించాను. కదల్లేదు. ఈల ఊదాను. పిలిచాననుకుని దగ్గరికొచ్చింది. నేను వెనక్కొచ్చాను.

"సగం తీరినట్టే అత్తయ్యా."

"ఆవుదాకా నడుస్తావని మొక్కలేదు నాయనా. చర్చిదాకా అన్నాను."

"చాలా పెద్ద ఆవు."

"ఆ మాటే పునీతుడికి చెప్పనా?"

జూన్ 16

మా అమ్మాయికి జ్ఞానతండ్రి తాచో; ఆ వరసన ఒకరినొకరం కొంపాద్రే అని పిలుచుకుంటాం. మొన్న నేను ఆవు సంగతి చెబితే గుండె మీద చెయ్యేసుకున్నాడు. "ఒక్కడివీ ఏం వెళ్తావు కొంపాద్రే, అందరం వస్తాం. ఆవును నాకొదిలెయ్."

అందరం అంటే వాళ్ళావిడ, తమ్ముళ్ళు, పిల్లలు, మడత కుర్చీలు, ఐసు పెట్టె, మాంసం కాల్చే పొయ్యి. అంత సామాను మోస్తూ ఎవరు నడుస్తారు? ఇవాళ దారి మొదట్లోనే, కార్లు ఆపేచోట చెట్టు కింద దించేశాం. మాంసం కాలగానే బయల్దేరదాం అన్నారు. మాంసం కాలాక ఎండెక్కింది, తగ్గనీ అన్నారు. ఎండ తగ్గాక చీకటి పడుతోంది కదా అన్నారు. తాచో అకార్డియన్ బాగా వాయించాడు. వినడానికి ఆవు కూడా వచ్చింది. తాచో లారీ వెనక్కి వెళ్ళి అక్కణ్ణుంచి వాయించాడు.

జూన్ 20

బల్లులు కూడా నీడ వెతుక్కునే ఎండ. బూట్లు బిగువు. కుట్లు లాగుతున్నాయి (ఎప్పుడో విప్పేశారు, అయినా లాగుతున్నాయి). వాన పడితే ఏరు పొంగొచ్చు. ఆకాశంలో మబ్బు లేదు, కానీ రావచ్చు.

"కొత్తవి బిగువైతే పాతవి వేసుకో" అంది రెఫుహియో.

"పాతవి వదులు."

పొద్దున అత్తగారు నా కప్పు తీసుకుని, వాసన చూసి తిరిగి ఇచ్చేసింది. "వాసన వదిలేస్తానని మొక్కలేదులే" అంది. ఆ కప్పు నేను తాగలేకపోయాను.

జూన్ 22

ఒక పని చేశాను. బండి నడుపుకుంటూ టుమకాకొరి వెళ్ళాను. ఏట్లో దిగి బూట్లు తడిపి బురద పూశాను. చెమటలా ఉండాలని చొక్కా మీద నీళ్ళు పోసుకున్నాను. చర్చి ముందు టోపీ తీశాను గానీ, లోపలికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

మోసానికి ఆకలెక్కువ. అత్తగారి చిన్ననాటి స్నేహితురాలు డోన్యా చోలే ఇల్లు అక్కడే. ఎప్పుడెళ్ళినా బీన్సు, రొట్టె పెడుతుంది. వెనక తలుపు తోసుకుని వంటింట్లోకి వెళ్ళాను.

బల్ల దగ్గర చోలే. ఎదురుగా అత్తగారు. గురువారాలు ఇద్దరూ కలిసి జపమాల చెప్పుకుంటారని ఇంట్లో అందరికీ తెలుసు; ఇవాళ గురువారమని నాకే గుర్తులేదు. అత్తగారి చేతిలో కాఫీ. పక్కన ఇంకో ఖాళీ కప్పు. చోలేకి కాఫీ పడదు.

"నడిచొచ్చావా అల్లుడూ?" అంది, కప్పు దించకుండా.

"నడిచే వచ్చాను అత్తయ్యా. చూడండి బూట్లు."

ఆవిడ నా మేజోళ్ళు చూసింది. "ఆ దారిన వస్తే ముళ్ళగింజలు పట్టుకుని వదలవు. నీకొక్కటీ లేదే."

"మీకు కాఫీ మీసం ఉంది అత్తయ్యా."

చోలే పొయ్యి వైపు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి.

అత్తగారు పెదవి తుడుచుకుంది. "నువ్వు దక్కవేమోనని భయమేసింది నాయనా. ఆ భయంలో నోటికొచ్చిందల్లా మొక్కేశాను. వారం రోజులు నిజంగానే ముట్టలేదు. ఆ తర్వాత నువ్వు లేచి కూర్చుని, ఆసుపత్రి సూపు బాగాలేదని నర్సుతో తగువు పెట్టుకున్నావు. భయం పోయింది. కాఫీ గుర్తొచ్చింది."

"మరి పొద్దున్నే ఆ వేణ్ణీళ్ళు?"

"నువ్వన్నా నడుస్తావని."

"పునీతుడు ఊరుకుంటాడంటారా?"

ఆవిడ కప్పు నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. "అదే నా దిగులు. నీ అపెండిక్స్ ఎలాగూ తీసేశారు. నాది ఇంకా లోపలే ఉంది."

జూన్ 24, ఇంకా తెల్లవారలేదు

మళ్ళీ మొదలు. ఈసారి సామాను: నీళ్ళు, అత్తగారు.

ఇద్దరం నడుస్తాం. చర్చి కనిపించేదాకా ఇద్దరికీ కాఫీ లేదు. చోలే అక్కడ గిన్నె పొయ్యి మీద పెట్టి ఉంచుతుంది. అత్తగారు ఎక్కడ కూర్చుంటే అక్కడ ఆగాలి, ఎప్పుడు లేస్తే అప్పుడు లేవాలి. ఆవుతో తనే మాట్లాడుతుందట. పాత బూట్లు వేసుకున్నాను. మేజోళ్ళు మాత్రం కొత్తవి, తెల్లవి. ముళ్ళగింజలు దూరానికి కూడా కనపడాలి. ఈల రెఫుహియో దాచేసింది.

గుమ్మంలో చేతికర్ర చప్పుడు. "అల్లుడూ, ఆ రాసేదేదో వచ్చాక రాసుకో. ఎండొచ్చేస్తోంది."

వస్తున్నానత్తయ్యా. ఈసారి ఆవు అడ్డమొచ్చినా, ఫాదరు ఫోను చేసినా, తాచో పొయ్యి వెలిగించినా, మధ్యలో ఆగకుండా నేను—