నాన్న సత్తుగ్లాసు

డెంజిల్ అన్నయ్యా,

అమ్మ ఫోన్లో ఎందుకు మాట్లాడటం లేదని అడిగావు. తప్పు నాదే. కొత్త కారు సంబరంలో సముద్రం పక్క రోడ్డు పట్టుకుని, మనం పుట్టిన ద్రాక్షతోటకి తీసుకెళ్లాను.

అక్కడిప్పుడు టూరిస్టులకు వైన్ రుచి చూపిస్తున్నారు. బల్లమీద వరసగా సత్తుగ్లాసులు. రోజుకు ఐదుసార్లు గంట కొట్టి, కూలోళ్లకు కూలి డబ్బుకు బదులు పుల్లటి వైన్ పోసేవాళ్లు చూడు, అవే. ఒకదాని మీద నాన్న మేకుతో గీసుకున్న మూడు గీతలు అలాగే ఉన్నాయి.

అమ్మ దాన్ని అందుకోగానే పోసే పిల్ల కంగారుపడింది.

"అయ్యో పెద్దమ్మా, అది ఉమ్మడానికి! తెలిసినవాళ్లు వైన్ మింగరు. పుక్కిలించి ఉమ్మేస్తారు."

"ఉమ్మొచ్చా? ఎప్పట్నించి?"

"దొరగారి తాతల కాలం నుంచీ అంతేనంట."

అమ్మ గ్లాసు కొంగు కింద పెట్టుకుని వచ్చి కార్లో కూర్చుంది. దారి పొడుగునా ఒకటే మాట: "మీ నాన్నకి ఒక్కడూ చెప్పలేదే."

నలభై ఒకటో ఏట లివరు చెడి నాన్న చనిపోయినప్పుడు, శవం ముందే మనం ఆయన్ని తాగుబోతన్నాం, గుర్తుందా? నువ్వొకసారి రా. ఇద్దరం కలిసి సమాధి దగ్గరకు వెళ్లాలి.

నీ చెల్లి