చప్పట్లు ఆపే మీట

మేడం గారికి నమస్కారం.

నేను మీ వయోజన పాఠశాలలో చదువుకునే ప్లంబర్ని. అక్షరాలు నా కళ్ల ముందు కుదురుగా నిలబడవు. కొత్త చదివే మిషన్లు ఎలా ఉన్నాయో చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను.

మీరు ఎంపిక చేసిన మిషన్ మంచిదే. కాగితం కింద పెడితే ఒక్క వరుసనే చూపించి మిగతావి కప్పేస్తుంది. నాకు కావలసింది అదే. కానీ ఒక వరుస తప్పు లేకుండా చదివితే చాలు, చప్పట్లు కొట్టి "శభాష్ బుజ్జీ!" అంటుంది. నాకు నలభై ఆరేళ్లు. మొన్న బస్సులో ఒళ్లో పెట్టుకుని చదువుతుంటే కూడా అలాగే అంది. పక్కాయన వంగి చూసి, "మీ పాపదా అండీ?" అన్నాడు. అవునని చెప్పి ఒక స్టాపు ముందే దిగిపోయాను.

మాతో చదివే టైలరమ్మ ఈ చప్పట్లు భరించలేకే బడి మానేసింది. ఈ మిషన్ నోరు మూయించే మీట ఎక్కడైనా ఉంటే చూపించండి. లేకపోతే, ఈసారి కొనేముందు మమ్మల్ని ఒక్క మాట అడగండి.

ఇదంతా నేను చెబుతుంటే మా అమ్మాయి టైపు చేసింది. ఇక్కడిదాకా ప్రింటు తీయించి, మిషన్ కింద పెట్టి మా ఆవిడకి నేనే చదివి వినిపించాను. మిషన్ వరుసవరుసకీ చప్పట్లు కొట్టింది. మా ఆవిడ కొట్టలేదు. స్టవ్ కట్టేసి వచ్చి పక్కన కూర్చుని, "ఇంకోసారి చదవండి," అంది.

ఇట్లు,
కిటికీ పక్క బెంచీ ప్లంబర్