పెరట్లో నీ చేపల గుంట

పార్వతీ,

ఈరోజు నీ సంవత్సరీకం. ఇల్లంతా చుట్టాలు. నీకు చెప్పాల్సింది మాత్రం పెరట్లో నీ చేపల గుంట గురించి.

నువ్వు పోయాక, సాయంత్రం నేను వేసే మేతతో పాటు పొద్దున నువ్వు వేసేది కూడా నేనే వేస్తూ వచ్చాను. నువ్వు లేకపోయినా అవి పస్తుండకూడదని గుప్పెడు ఎక్కువే వేసేవాణ్ణి. వేసవికల్లా గుంటను పచ్చని నాచు కమ్మేసింది. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి ఊపిరాడక నోళ్ళు తెరిచేవి. రెండు చచ్చిపోయాయి కూడా. చూడలేక, కోటబొమ్మాళి నుంచి ట్రాక్టరు మట్టి తెప్పించి పూడ్చేద్దామనుకున్నాను.

ఆ మాట విని పక్క వీధి నుంచి నీ చెల్లెలు సరోజ వచ్చింది. గుంటనీ, నా చేతిలో తవుడు గిన్నెనీ చూసింది.

"ఏటి బావా, అంత మేత ఏస్తన్నావేటి? అవి తినగా మిగిలిందే కుళ్ళి నాచుకి బలమవుతాది. పూడ్సడం కాదు, ముందు సెయ్యి తగ్గించు" అంది.

ఇద్దరం వెదురు కర్రకు చుట్టి నాచు తీశాం. రోజూ నాలుగు బిందెల నీళ్ళు మార్చాం. నీళ్ళకు నీడ కోసం కలువ దుంపలు నాటాం. మేత ఒక్కపూటే, చిటికెడు. అంతే వేసి లోపలికి రావడం నాకు కష్టంగానే ఉండేది.

ఈ ఉదయం అడుగున గులకరాళ్ళు కనిపించాయి. కలువాకు కింద గోరంత చేపపిల్లలు, పదో పన్నెండో. అలవాటుగా "పార్వతీ!" అని నిన్ను కేకేశాను.

వంటింట్లోంచి సరోజ వచ్చింది. కొంగుకి చేతులు తుడుచుకుని, నా పక్కన గట్టుమీద కూర్చుంది.

"ఏవీ, సూపించు బావా" అంది.