బాపును ఇంజన్ల కాడికి తీసుకపోయిన

బెల్లంపల్లి, 12-11-1961, ఆదివారం. ఎండ ఉన్నది, చలి మొదలైంది. పొద్దుగాలనే నల్లా నీళ్లు పట్టిన.

అవ్వకు శనార్తి. బాపు గురించి పరేషాన్ కాకు. రైల్వే నౌకరి నుంచి దిగిన నాటి నుంచి సరిగ తినలేదు, మాట్లాడలేదు. నా దగ్గరికి వచ్చినంక కూడ అంతే. ఇక్కడి షెడ్డుల మూడు పాత బొగ్గు ఇంజన్లకు రంగులేసి, జనం చూడడానికి నిలబెట్టిన్రు. నిన్న బాపును తీసుకపోయిన. అందులో ఒకటి ఆయన ఇరవై ఏండ్లు బొగ్గు వేసిన ఇంజనే. పొయ్యి తలుపు దాకా చెయ్యి పోనిచ్చి, కాలుతదన్నట్టు అలవాటుగా వెనక్కి తీసుకున్నడు. తర్వాత అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డడు.

"ఇగ ఇది కదలదు పెద్దాయనా" అన్నడు కాపలా ఆయన.

"నువ్వు మాత్రం కదులుతున్నవా? మేం వచ్చినప్పటి సంది కూసునే ఉన్నవు" అన్నడు బాపు. అందరం నవ్వినం, బాపు కూడ.

డ్యూటీల బొగ్గు పార కడిగి, దాని మీద రొట్టెలు ఎట్ల కాల్చుకునేటోళ్లో తొవ్వ పొడుగునా చెప్పిండు. ఇంటికొచ్చి రెండు జొన్నరొట్టెలు తిన్నడు. మాడగొట్టినవని నన్ను తిట్టిండు.

మామిడి తొక్కు పంపు. మేక కాలు నయమైందా? చెల్లె సారక్కకు నా దీవెనలు. బాపు పొయ్యి ముందట కూసొని, బొగ్గు ఎట్ల వెయ్యాల్నో చూపిస్త రమ్మని పిలుస్తుండు. పోతున్న, ఇంక ఉంట.