నేను అవసరం లేదని రాసిన రెండు బోల్టులు

బుధవారం, ఏప్రిల్

విమానాల యోగ్యత చూసే అధికారి గారి సముఖమునకు, మొరావియాలోని యావొర్కా గ్రామం నుంచి ఓల్ద్రిఖ్ వ్రాబెల్ పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా సొంత విమానం ఎగరకుండా శనివారం లోపు తమరు ఆపించవలెనని కోరుట గురించి.

1. నాకు యాభై ఆరేళ్లు. నా పేరున ఒక పాత విమానం ఉన్నది. ఇంజను లేని గ్లైడర్లకు తాడు కట్టి పైకి లాగడానికి వాడతాం. నడిపేది నా భార్య ద్రహోమీర. నేను నిచ్చెన మూడో మెట్టు దాటితే కళ్లు తిరిగే మనిషిని. ఆమె ఎగురుతుంది, నేను కాగితాలు చూస్తాను. ముప్పై ఏళ్ల కాపురం ఇట్లాగే నడిచింది.

2. యూరప్ నియమాల ప్రకారం మా బోటి చిన్న విమానానికి ఏ తనిఖీ ఎప్పుడు చేయించాలో యజమానే పట్టిక రాసుకుని సంతకం పెట్టవచ్చును. తయారుచేసినవాళ్లు సలహాగా చెప్పినది వద్దనుకుంటే ఎదురుగా ఉన్న గడిలో ఆ మాట రాస్తే చాలు, కారణం చెప్పనక్కర్లేదు. నేను ఇరవై రెండేళ్లు పాల సహకార సంఘంలో గుమస్తాగిరీ చేశాను. అక్కడ ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఫారం తిరిగొచ్చేది. ఆ అలవాటు కొద్దీ పోయిన నెలలో, ఖాళీగా కనబడ్డ ప్రతి గడిలోనూ "అవసరం లేదు" అని గుండ్రటి దస్తూరీతో రాశాను.

3. అందులో ఒక గడి, రెక్కను కింద నుంచి పట్టి ఉంచే ఊతకడ్డీల బోల్టులు ఊడదీసి చూడటం గురించి. కుడి వైపు ఒకటి, ఎడమ వైపు ఒకటి. ఏటా వచ్చి యోగ్యతా పత్రం ఇచ్చే ఇంజనీరు లుబోష్ అది చూసి ఆగాడు.

"ఒరే ఓల్దా, ఇది కావాలనే రాశావా?"

"ఆలోచించకుండా నేను సంతకం పెట్టింది పెళ్లి కాగితం ఒక్కటేరా."

"సరేలే. నీ విమానం, నీ బాధ్యత. నియమం ఒప్పుకుంటుంది" అని నవ్వుతూ ముద్ర వేశాడు. అతని తప్పేమీ లేదు. జోకు నాది.

4. మొన్న సోమవారం విమానం తుడుస్తుంటే ఎడమ బోల్టు చుట్టూ, ఎర్ర మిరపపొడి జారినట్టు, తుప్పు చార కనబడింది. తుడిచేశాను. మంగళవారం వాన పడ్డాక మళ్లీ కారింది. అప్పుడు కూర్చుని నియమాల పుస్తకం చదివాను. నాకర్థమైనంతలో, ఎవరెన్ని ముద్రలు వేసినా విమానం ఎగరడానికి పనికొస్తుందో లేదో చూసుకోవాల్సింది యజమానే. పట్టిక కింద యజమాని పేరు చూశాను. నాదే.

5. ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర ద్రహోమీర అడిగింది.

"ఏవయ్యా, ఊతకడ్డీ బోల్టులు ఈసారి తనిఖీలో విప్పి చూశారు కదా?"

"చూశారు."

"ఎందుకా చెమటలు?"

"సూపు వేడిగా ఉంది."

"అది చల్లారి పావుగంటయింది, మొద్దూ."

అంతటితో నమ్మేసింది. అయ్యా, ఆమె నా వంట నమ్మదు, కారు నడుపుతానంటే తాళాలు దాచేస్తుంది. విమానం కాగితాల దగ్గర మాత్రం నా మాటే మాట. నా భయమంతా అదే.

6. శనివారం గ్లైడర్ల సీజను మొదలు. ఆమె పద్నాలుగు సార్లు పైకి లాగాలి. లేచిన ప్రతిసారీ బరువు మోసేది ఆ రెక్కలే. నిన్నటి నుంచి నాకు పిచ్చుక ఎగిరినా గుండె ఝల్లుమంటోంది.

కావున తమరు దయతో ఏదో ఒక వంక పెట్టి, ఆఫీసే కనిపెట్టినట్టుగా, నా పేరు ఎక్కడా రాకుండా సదరు విమానాన్ని ఆపించవలెను. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఓల్ద్రిఖ్ వ్రాబెల్

తా.క. ఇది పోస్టాఫీసు బల్ల మీద రాస్తున్నాను. ఈ కవరు తమ దగ్గరికి చేరి, ఎవరైనా విప్పి చదివేసరికి శనివారం దాటిపోతుందని ఇక్కడికొచ్చాక తట్టింది. అయినా ఆపాల్సింది ఎవరో నాలుగో నంబరులో నేనే రాశాను. అందుకని, పొద్దున భయం కొద్దీ వెంట తెచ్చుకున్న విమానం తాళంచెవులు, ద్రహోమీర కోటు జేబులోది ఒకటి, గోడ మేకుకున్నది ఒకటి, రెండూ ఇందులో వేస్తున్నాను. పోస్టావిడ అంటించకముందే కవరు తూచి, "ఏం పెట్టావ్ ఓల్దా, ఇంత బరువుంది?" అంది. "మా ఆవిడని" అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు ఇంటికెళ్లి ద్రహోమీరకు నిజం చెప్పేస్తాను. బోల్టులు విప్పి చూసేదాకా తాళాలు వెనక్కి పంపకండి. ఆమె ఫోన్ చేసి తిట్టినా పంపకండి. ఆ తిట్లు మీకు వినబడుతున్నాయంటే, మనిషి నేల మీదే ఉన్నట్టు.